నిచ్చెన లేని ఇల్లు

వంటింట్లో బల్బు పోయింది. జరిగింది అంతే. కానీ ఆ కాస్తదానికే ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలు మాటా మాటా అనుకుని, ముందు గదిలో టీవీకి అతుక్కుపోయిన అత్తగారు సైతం రిమోటు చేతపట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చేలా చేశారు.

ఇంటాయన ఫోర్‌మన్ బల్లని గోడ దగ్గర్నుంచి ఈడ్చి బల్బు కిందకి తెచ్చాడు. పైకెక్కి చెయ్యి చాచాడు. అందలేదు. దిగి, స్టూలు తెచ్చి బల్ల మీద పెట్టబోయాడు. అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడ్డ ఇల్లాలు గబుక్కున వచ్చి స్టూలు కాలు పట్టుకుంది.

"వదులు," అన్నాడు.

"వదలను. కిటికీ ఉందిగా, ఆ వెలుతురు చాలు నాకు."

"ఆ వెలుతురులో బియ్యంలో రాళ్ళు కనబడుతున్నాయా నీకు? రాత్రి పన్ను ఊడినంత పనైంది నాకు."

"పన్నే కదా," అందామె.

ఫోర్‌మన్ స్టూలు వదిలేశాడు. ఆ తర్వాత ఇంకేవో అనుకున్నారు. బల్బు ఎవరు కొనాల్సిందో, ఎప్పుడు కొనాల్సిందో, ఈ ఇంట్లో ఏ పని టైముకి అయిందో. అవన్నీ నోటికి వచ్చిన మాటలే. అసలు మాట స్టూలు కాలు దగ్గరే అయిపోయింది. స్టూలు మీద స్టూలు గానీ, బల్ల మీద స్టూలు గానీ పెట్టకూడదని ఆ ఇంట్లో ఎవరూ రూలు పెట్టలేదు. రూలు లేకపోయినా రెండేళ్ళుగా ఎవరూ అలా పెట్టలేదు. ఇవాళ ఆయన మర్చిపోయాడు. మర్చిపోగలిగాడు కదా అన్నదే ఆమె కోపం.

ఆయన్ని ఇంటా బయటా ఫోర్‌మన్ అనే అంటారు. దారం మిల్లులో సగం జీవితం గడిపాడు. ఏడాది కిందట మిల్లు ఒక్క షిఫ్టుకి దిగింది, ఈ వేసవికి గేటుకి తాళం పడింది. ఉద్యోగం పోయినా పేరు మిగిలింది. ఇంకో పేరు కూడా ఉంది ఆయనకి, గంట పార్టీ వార్డు సెక్రటరీ. గంట ఆ పార్టీ ఎన్నికల గుర్తు. మీసం రాని వయసులో పట్టుకున్న జెండా అది.

ఇక ఆమె తమ్ముడు వడ్రంగి. పక్క వీధిలోనే షెడ్డు. చిన్నప్పట్నుంచీ ఆగకుండా మాట్లాడతాడని అందరూ రంపం అనే పిలుస్తారు. ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపులూ కిటికీలూ అన్నీ తనే చేశాడు. మిగిలిన కలపతో అక్కకి ఒక నిచ్చెన చేసి పెట్టాడు. అటక మీద డబ్బాలకి ఎక్కేటప్పుడు అరికాలు ఒత్తుకుంటుందని ప్రతి మెట్టుకీ అంచులు గుండ్రంగా చిత్రిక పట్టాడు. "మేనల్లుడు పెరిగేదాకా వాడుకో అక్కా. తర్వాత దీంతో పనుండదు నీకు, వాడే ఒక నిచ్చెన అవుతాడు," అన్నాడు. ఉయ్యాల చాలక కాళ్ళు బయటపెట్టి పడుకునే పిల్లవాడు మరి. తర్వాత నిజంగానే గుమ్మాలకి తల వంచి నడిచేంత పొడుగయ్యాడు. వీధంతా పొడుగోడనే పిలిచేది. అటక మీద డబ్బాలన్నీ వాడి చేతులకి అందేవి. "అమ్మా, ఏది కావాలి?" అని అడిగి, అడిగింది కాకుండా బెల్లం డబ్బా దింపేవాడు.

నిచ్చెన గుర్తుతో కొత్త పార్టీ ఒకటి పుట్టుకొచ్చినప్పుడు వడ్రంగులందరితో పాటు తమ్ముడూ అందులో చేరాడు. మొదట్లో అది బావా బావమరుదులకి భోజనాల దగ్గర కాలక్షేపం. "మీ గంట మోగాలంటే పైకెక్కి కొట్టేవాడుండాలి కదా బావా, మా నిచ్చెన అద్దెకిస్తాలే," అనేవాడు తమ్ముడు. "మీ నిచ్చెన ఎక్కినవాడు దిగడానికి మమ్మల్నే పిలుస్తాడురా," అనేవాడు ఫోర్‌మన్. ఆమె ఇద్దరికీ వడ్డిస్తూ, ఎవరి మాటకి నవ్వితే ఎవరు అలుగుతారోనని పెదవి బిగబట్టుకునేది.

ఆ హాస్యమే ఒకరోజు మైకు దాకా వెళ్ళింది. వీధి చివర మీటింగులో ఫోర్‌మన్ పక్కనే నిలబడ్డ కొడుకు భుజం మీద చెయ్యేసి, అది వేయడానికి కాస్త మునివేళ్ళ మీద లేచి, "మన గంట మోగించడానికి నిచ్చెన అక్కర్లేదు, మనకి నిలువెత్తు మనుషులున్నారు," అన్నాడు. చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లు చెవుల్లో మోగుతుండగానే ఇంటికొచ్చి, పెరట్లో గోడకి చేరేసి ఉన్న నిచ్చెనని భుజాన వేసుకుని, వెనక కుర్రాళ్ళు ఈలలు వేస్తుంటే బావమరిది గేటుకి ఆనించి వచ్చాడు. ఆమె వద్దనలేదు. నాలుగు రోజుల్లో వేడి చల్లారుతుంది, తనే తెచ్చుకుంటాడులే అనుకుంది.

చల్లారలేదు. ఒకసారి చప్పట్లు పడ్డ మాట కాబట్టి దాన్ని నిలబెట్టాల్సొచ్చింది. ఆ వార్డులో గంట పార్టీవాళ్ళెవరూ నిచ్చెన ముట్టకూడదన్నది ఆచారమైపోయింది. గోడల మీద గుర్తులు వేసే పెయింటరు డ్రమ్ము మీద నిలబడి వేసేవాడు. కరెంటు పని చేసేవాడు కిటికీ చువ్వలు పట్టుకుని ఎగబాకేవాడు. ఊరంతా నవ్వుకునేది. వీళ్ళూ నవ్వేవారు. అదో పౌరుషం.

కిందటి ఎన్నికల్లో కూడలి స్తంభానికి గంట జెండా కట్టాలని తోపుడుబండి మీద డ్రమ్ము పెట్టారు. డ్రమ్ము మీద స్టూలు పెట్టారు. అందరికంటే పొడుగు ఎవరని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. బండి చక్రానికి అడ్డం పెట్టిన రాయి జరిగింది.

ఆ రోజు తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతులకి ఇంకా రంపపుపొట్టు ఉందని తర్వాతెవరో చెప్పారు. గేటు దగ్గర ఫోర్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "నిచ్చెనవాళ్ళకి ఇక్కడేం పని?" అన్నాడు. ఆమె లోపల కొడుకు పాదాలు పట్టుకుని కూర్చుంది, చాప దాటి నేల మీదకి వచ్చిన పాదాలు. ఆ మాట విన్నది. లేచి వెళ్ళాలంటే ఆ పాదాలు వదలాలి. వదల్లేకపోయింది. గేటు చప్పుడైంది. మేనమామ చూడకుండానే మేనల్లుణ్ణి తీసుకెళ్ళారు.

పార్టీవాళ్ళు పిల్లవాడి ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి ఇచ్చారు. అడుగున గంట బొమ్మ, దాని కింద 'పార్టీ కోసం ప్రాణమిచ్చినవాడు' అని అక్షరాలు. ఫోర్‌మన్ రోజూ ఆ అక్షరాలు చదువుకుంటాడు, వాటిని పట్టుకునే లేచి నిలబడుతున్నాడు. ఆమె అది చూసింది కాబట్టి ఏమీ అనలేదు. తను మాత్రం ఫోటోలో కళ్ళ దాకానే చూస్తుంది, కిందికి రాదు.

ఆ తర్వాత రోజులు ఇంకా గడ్డుగా వచ్చాయి. నూనె దొరికితే సబ్బు లేదు, సబ్బు దొరికితే గ్యాసు లేదు. ఆమె సబ్బుని కత్తితో అడ్డంగా కోసి సగం దాచేది. వేయించిన నూనె వడగట్టి మళ్ళీ వాడేది. చిరిగిన కాలర్లు విప్పి తిరగేసి కుట్టేది. రోడ్డుకి అటు నిచ్చెన పార్టీవాళ్ళు, ఇటు గంట పార్టీవాళ్ళు సాయం బల్లలు పెట్టి పప్పూ బియ్యం పంచేవారు. ఈ క్యూలో తను, ఆ క్యూలో మరదలు. మరదలు కళ్ళతో పలకరిస్తే తను సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకునేది. అదే వాళ్ళ మాట. తమ్ముడు బాగున్నాడా అంటే బాగున్నాడని.

ప్రభుత్వం మధ్యలోనే పడిపోయి ఈ నెలలో మళ్ళీ ఎన్నికలయ్యాయి. ఎవరికీ బలం చాలలేదు. ఖజానాలో ఏమీ లేదని, గట్టి ప్రభుత్వం ఉంటే గానీ బయటివాళ్ళు అప్పివ్వరని రోజూ టీవీలో గోల. చివరికి ఒకరినొకరు దొంగలని తిట్టుకున్న ఇద్దరు నాయకులు ఒకే మైకు ముందు నిలబడి, కష్టకాలంలో కలిసి నడుస్తామన్నారు. వెనక కొత్త బొమ్మ. నిచ్చెన పై మెట్టుకి వేలాడుతున్న గంట.

అత్తగారు ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "ఇప్పుడు మనవాళ్ళెవరురా?" అని అడిగింది.

"ఇద్దరూ మనవాళ్ళేనమ్మా."

"మరి ఇంతకాలం?"

ఫోర్‌మన్ టీవీ సౌండు పెంచాడు.

భార్యకి మాత్రం ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. కొట్టుకుంటూ కూర్చుంటే జనం పస్తులుంటారు, కలిస్తే మిల్లు గేటు తెరుచుకుంటుంది, పెద్దవాళ్ళు పంతం దిగమింగారు, అది చిన్న విషయం కాదు. ఆమె అన్నిటికీ ఊకొట్టింది. ఆయన చెప్పింది నిజమే. చెయ్యాల్సిన పనే చేశారు. ఆమెకి భరించరానిది కూడా అదే. అది తప్పుడు పనైతే తిట్టుకుని ఊరుకునేది. ఇంత మంచి పని, ఇంత తేలికైన పని, కొంచెం ముందు ఎవరికీ తోచలేదు.

బల్బు గొడవ జరిగిన రోజు సాయంత్రం ఆయన బయటినుంచి వచ్చి, గ్యాసు వచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. "వార్డుకి జాయింటు కమిటీ వేశారు. నేనూ మీ తమ్ముడూ చూసుకోవాలట. ఆదివారం భోజనానికి రమ్మన్నాను. బల్బు సంగతి కూడా చెప్పాను, నిచ్చెన తెస్తాడు."

రెండేళ్ళు ఆమె అడిగిన మాట అది. ఏడ్చి అడిగింది, అన్నం మానేసి అడిగింది, ఒకసారి చేతులు జోడించి అడిగింది. ఇప్పుడు పార్టీ చెప్తే వచ్చేసింది. ఆమె కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఆదివారానికి దాచిన నూనె తీసింది. తమ్ముడికి బంగాళాదుంపలు అంచులు మాడేలా వేయిస్తే ఇష్టం. అలాగే వేయించింది. కిటికీ వెలుతురులో బియ్యం పళ్ళెంలో పోసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రాళ్ళు ఏరింది. మనసు మాట వినడం లేదు. వాడు రాగానే ఏం అంటాడో, తను ఏం అనాలో, అనకముందే ఏడుపొస్తుందేమో. వాడు ఆ గేటు దాటి లోపలికొచ్చి, ఒక్కసారి మేనల్లుడి కోసం ఏడిస్తే చాలనుకుంది. ఇంకేమీ అక్కర్లేదు.

తమ్ముడు భార్యతో వచ్చాడు. భుజం మీద నిచ్చెన. అదే నిచ్చెన. గేటు దగ్గర ఫోర్‌మన్ ఎదురెళ్ళి, "రండి కన్వీనర్ గారూ," అన్నాడు. "నమస్కారం సెక్రటరీ గారూ," అన్నాడు రంపం. ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. ఫోర్‌మన్ నిచ్చెన రెండో కొస పట్టుకున్నాడు. గుమ్మం తిప్పేటప్పుడు గోడకి తగలకుండా, "నీ వైపు దించు... చాలు చాలు," అనుకుంటూ వంటింట్లోకి తెచ్చారు.

నిచ్చెనని అటక అంచుకి ఆనించి, తమ్ముడు కింద దాని రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకున్నాడు. ఫోర్‌మన్ ఎక్కాడు. "నెమ్మదిగా బావా, పై మెట్టుకి పోకు," అన్నాడు తమ్ముడు, అలవాటుగా. పై మెట్టుకి పోవాల్సిన పనే రాలేదు. నాలుగు మెట్లెక్కేసరికి అందింది. పాత బల్బు తిప్పి, కిందికి చూడకుండా చెయ్యి చాచాడు. ఆమె అందుకుంది. కొత్తది పెట్టాడు. స్విచ్చి వేశారు. వెలిగింది.

ఎసరు పొంగేంత సేపు కూడా పట్టలేదు. ఒకడు ఎక్కాడు, ఒకడు పట్టుకున్నాడు, అంతే పని. ఆమె చేతిలోని పాత బల్బు వంక చూసింది. అది పొడుగోడు పెట్టిన బల్బు. ఉత్త బల్ల మీద నిలబడి, ఈల వేసుకుంటూ పెట్టాడు. దాన్ని గుడ్డలో చుట్టి, బియ్యం డబ్బాలో, బియ్యం లోపలికి దూర్చి మూత పెట్టింది.

తమ్ముడు ముందు గదిలోకి వెళ్ళి ఫోటో ముందు నిలబడ్డాడు. భుజాలు ఎగిరిపడ్డాయి. "ఒరేయ్ పొడుగూ," అన్నాడు. ఆమె వెనకే వెళ్ళి వాడి వీపు మీద చెయ్యేసింది. చొక్కా మీద ఇంకా కలప వాసన. వీడు నా తమ్ముడే, ఎక్కడికీ పోలేదు అనుకుంది.

అందరూ కూర్చున్నారు. కొత్త బల్బు వెలుగు బాగా ఎక్కువగా ఉంది. పళ్ళాల మీద గీతలు కూడా కనబడుతున్నాయి. అత్తగారు, "ఇప్పుడు కూర రంగు తెలుస్తోంది అమ్మాయ్," అంది. మరదలు నవ్వింది. తమ్ముడు మాడిన ముక్క ఏరుకుని తిని, కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఇంకో గరిటె వేసింది.

అప్పుడు బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని ఆ చూపు ఆమెకి పాత రోజుల నుంచీ తెలుసు. ఎవరో ఒకరికి ఏదో కావాలి.

చివరికి తమ్ముడే చెప్పాడు. మిల్లు గేటు ముందు రెండు పార్టీలూ కలిసి ఒక వంటశాల పెడుతున్నాయి, పనులు పోయినవాళ్ళకి మధ్యాహ్నం భోజనం. రేపే ప్రారంభం. పై నుంచి పెద్దలొస్తున్నారు. దానికి పొడుగోడి పేరు పెడుతున్నారు. గంటవాళ్ళ బిడ్డ, నిచ్చెనవాళ్ళ మేనల్లుడు, ఇంతకంటే మంచి పేరు దొరకదని పెద్దలు కూడా అన్నారట. బ్యానరు మీద గంటా నిచ్చెనా, మధ్యలో వాడి ఫోటో. దానికి ఆ ఫోటో కావాలి. ఇటు బావ, అటు తను, మధ్యలో అక్క వేదిక మీద కూర్చోవాలి.

"ఎవరికి తట్టింది ఇది?" అందామె.

"నాకే అక్కా," అన్నాడు తమ్ముడు. కొంచెం గర్వంగానే అన్నాడు. "బావ కూడా చాలా సంతోషించాడు. నువ్వు పెద్దగా మాట్లాడక్కర్లేదు. ఇలా అందరం కలవాలనే మా అబ్బాయి పోయాడు అని ఒక్క ముక్క అంటే చాలు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. భర్త వంక చూసింది. ఆయన తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు, ఎప్పుడో కలిసిపోయిన అన్నాన్ని. పాత అక్షరాలు పోయాయి ఆయనకి. ఇప్పుడు పట్టుకోవడానికి కొత్తవి కావాలి. ఆమెకి జాలేసింది. తమ్ముడి మీద కూడా జాలేసింది. వాడు ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు. కానీ ఆ ఏడుపు జేబులో ఈ మాట పెట్టుకునే వచ్చాడు.

"ఫోటో ఇవ్వను," అంది.

"అది పార్టీ నిర్ణయం..." అన్నాడు ఫోర్‌మన్ తలెత్తకుండా.

"ఏ పార్టీ?"

వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అత్తగారు నీళ్ళ గ్లాసు పట్టుకుని, తాగకుండా అలాగే ఉండిపోయింది.

"వంటశాల మంచి పని. పెట్టండి," అందామె. "నేనొస్తాను. రేపట్నుంచి రోజూ వచ్చి వండుతాను. వడ్డించి, గిన్నెలు కడిగి వస్తాను. అది తెర వెనక పని, అది చేస్తాను. వేదిక ఎక్కను. వాడి పేరు పెట్టొద్దు. వాడు మీరు విడిపోవాలని పోలేదు, కలవాలనీ పోలేదు. కాళ్ళ కింద సరైనది లేక పోయాడు. ఇందాక మీరిద్దరూ బల్బు పెట్టారు చూడండి, అలా ఒకళ్ళు పట్టుకునుంటే ఇవాళ వాడు ఇక్కడ కూర్చుని అన్నం తినేవాడు."

మరదలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు, "అక్కా..." అన్నాడు.

"తిను, చల్లారిపోతోంది," అని ఆమె వాడి పళ్ళెంలో ఆఖరి ముక్కలు వేసింది. తర్వాత భర్త పళ్ళెంలో అన్నం పెట్టింది, ఆయన వద్దనకముందే.

"ఇంకొకటి. ఆ ఫ్రేము కింద గంటా అక్షరాలూ ఇవాళే తీసేస్తాను. వాటి బదులు ఇంకేదీ అతికించొద్దు. ఆ ఫోటో కింద మా అబ్బాయి పేరొక్కటే ఉంటుంది." గిన్నె కింద పెట్టి, ఆమె చివరగా తమ్ముడి వైపు తిరిగింది. "నిచ్చెన మాత్రం పట్టుకెళ్ళకు. పెరట్లో ఎప్పుడూ ఉండే చోట పెట్టి వెళ్ళు. ఈ వీధిలో ఎవరికి కావాలన్నా, వాళ్ళు ఏ పార్టీ అని అడక్కుండా ఇస్తాను."